అరెస్టు కాని వ్యక్తిని పోలీసులు డీఎన్ఏ నమూనా అడిగితే ఇవ్వాలా? (బెంగళూరు)

ప్రశ్న
అడిగినవారు: బెళ్లందూరు నివాసి

నమస్కారం. బెంగళూరులో బెళ్లందూరు దగ్గర ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో నివాసుల సంఘం కార్యదర్శిగా ఉన్నాను. ఇటీవల మా ప్రాంతంలో ఒక మహిళపై ఘోరమైన నేరం జరిగింది. ఆమె ఎవరో తెలిసిపోయే అవకాశం ఉంది కాబట్టి ఆ కేసు వివరాలేవీ ఇక్కడ రాయను. దర్యాప్తులో భాగంగా పోలీసు సిబ్బంది మా సముదాయానికీ, పక్క సముదాయాలకూ, వాటి వెనుక ఉన్న రేకుల షెడ్లకూ వచ్చి, అక్కడ పనిచేసే మగవారందరి పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకున్నారు. సెక్యూరిటీ గార్డులను, హౌస్‌కీపింగ్ వారిని, తోటమాలిని, నీళ్ల ట్యాంకర్ డ్రైవర్లను, కొత్త బ్లాకులో పనిచేస్తున్న మేస్త్రీలను విడతలుగా స్టేషన్‌కు పిలిచి, బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి తీసే నమూనా గానీ వేలి నుంచి రక్తపు చుక్క గానీ ఇవ్వమని అడుగుతున్నారు.

వీరిలో ఎవరినీ అరెస్టు చేయలేదు. ఎవరికీ లిఖితపూర్వక నోటీసు ఇవ్వలేదు. ఫోన్ చేసి రమ్మన్నారు, వెళ్లినవారితో ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఆ కాగితం కన్నడంలో ఉంది. మా గార్డుల్లో చాలామంది కదిరి, హిందూపురం, మడకశిర వైపు నుంచి వచ్చినవారు. వారికి కన్నడం మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. కదిరి వైపు నుంచి వచ్చిన ఒకాయన మాత్రం, "చదివి వినిపించి, నాకు ఒక కాపీ ఇస్తే సంతకం పెడతాను సార్" అని మర్యాదగా చెప్పి తిరిగి వచ్చేశారు. మళ్లీ రమ్మని కబురు వచ్చింది. తోటి గార్డులు ఆయనతో, ఇవ్వకపోతే అనుమానం నీ మీదికే వస్తుందని అంటున్నారు. ఆయన భయం నాకు అర్థమవుతోంది. ఊళ్లో ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు, ఈ ఉద్యోగం పోతే వారి చదువు ఆగిపోతుంది.

ఆ మహిళకు న్యాయం జరగాలని, నేరం చేసినవాడు త్వరగా దొరకాలని మేమందరం మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాం. అయితే అరెస్టు కాని వ్యక్తి ఇలాంటి నమూనా ఇవ్వనని చెప్పవచ్చా, ఒకవేళ ఇస్తే కేసు ముగిసిన తర్వాత అది ఎక్కడ ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది, ఈ విషయంలో సంఘం తరఫున మేము మధ్యలోకి రావడం దర్యాప్తును అడ్డుకున్నట్టు అవుతుందా అనే సందేహాలు నన్ను వేధిస్తున్నాయి. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1
రాసినవారు: నృపతుంగ రోడ్డు న్యాయవాది

కార్యదర్శి గారికి నమస్కారం. అరెస్టు కాని వ్యక్తి, మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేనంతవరకు, డీఎన్ఏ నమూనా ఇవ్వనని చెప్పవచ్చు. అలా చెప్పడం నేరం కాదు. మీ గార్డు గారు చదివి వినిపించమని, కాపీ ఇమ్మని అడిగారు. అది నిరాకరణ కూడా కాదు. ఎవరైనా అడగవలసిన మాటే ఆయన అడిగారు.

ఇప్పుడు చట్టం సంగతి. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టాన్ని తీసివేసి, దాని స్థానంలో పార్లమెంటు 2022లో క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టాన్ని తెచ్చింది. అది ఆ ఏడాది ఆగస్టు 4న అమల్లోకి వచ్చింది. పాత చట్టం ప్రధానంగా వేలిముద్రలు, పాదముద్రలు, ఫొటోలతో సరిపెట్టుకుంది. కొత్త చట్టం అరచేతి ముద్రలు, కంటిపాప స్కానింగ్, చేతిరాత, సంతకం, రక్తం వంటి జీవ నమూనాలు, వాటి విశ్లేషణ వరకు విస్తరించింది. ఈ రికార్డులను జాతీయ నేర రికార్డుల బ్యూరో సేకరించిన తేదీ నుంచి 75 సంవత్సరాలు భద్రపరుస్తుంది. పాతికేళ్ల కుర్రవాడి విషయంలో ఇది జీవితకాలమంతా అన్నమాటే.

అయితే మూడవ సెక్షన్ ఎవరి నుంచి తీసుకోవచ్చో చెబుతుంది. శిక్ష పడినవారు, సత్ప్రవర్తన కోసం పూచీకత్తు ఇవ్వాలని ఉత్తర్వు పొందినవారు, అరెస్టయినవారు, ముందస్తు నిర్బంధ చట్టాల కింద నిర్బంధంలో ఉన్నవారు ఆ పరిధిలోకి వస్తారు. అరెస్టయినవారిలో కూడా, మహిళలపైనో పిల్లలపైనో జరిగిన నేరం గానీ ఏడేళ్లకు తక్కువ కాని జైలుశిక్ష పడే నేరం గానీ కాకపోతే, జీవ నమూనా ఇవ్వకుండా ఉండే వెసులుబాటును ఆ సెక్షనే కల్పించింది. మీ వద్ద పనిచేసేవారు ఈ జాబితాలో ఎక్కడా లేరు. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 51, 52 సెక్షన్లు వైద్య పరీక్ష ద్వారా డీఎన్ఏ సేకరణకు వీలు కల్పిస్తాయి గానీ, అవి కూడా అరెస్టయిన వ్యక్తికి వర్తించేవే.

పోలీసులకు మిగిలిన చట్టబద్ధమైన దారి 2022 చట్టంలోని ఐదవ సెక్షన్. దర్యాప్తుకు ఉపయుక్తమని మేజిస్ట్రేట్ సంతృప్తి చెందితే, అరెస్టయినా కాకపోయినా, ఏ వ్యక్తినైనా నమూనా ఇవ్వమని ఆదేశించవచ్చు. అలాంటి ఉత్తర్వు వచ్చిన తర్వాత ప్రతిఘటిస్తే, అది ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం కలిగించిన నేరం అవుతుంది. కాబట్టి ఉత్తర్వు చేతికి వచ్చాక "ఇవ్వను" అనమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఆ ఉత్తర్వును పై కోర్టులో సవాలు చేసుకోవడం వేరే విషయం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మీ రెండవ సందేహం. నాలుగవ సెక్షన్ ప్రకారం, గతంలో శిక్ష పడని వ్యక్తి విచారణ లేకుండా విడుదలైనా, డిశ్చార్జి అయినా (అంటే అభియోగానికి ఆధారం లేదని కోర్టు వదిలేసినా), అప్పీళ్లన్నీ ముగిసి నిర్దోషిగా తేలినా, కోర్టు కారణాలు రాసి వేరేగా ఆదేశించకపోతే, అతని రికార్డులను నాశనం చేయాలి. ఈ రక్షణ "ఈ చట్టం ప్రకారం నమూనా తీసుకున్న" వ్యక్తికి ఉద్దేశించినది. స్వచ్ఛందంగా ఇచ్చినవాడు ఎన్నడూ అరెస్టు కాలేదు, అతనిపై విచారణ జరగలేదు, అతన్ని ఎవరూ డిశ్చార్జి చేయలేదు, నిర్దోషిగా ప్రకటించలేదు. అంటే అరెస్టయి, అభియోగం ఎదుర్కొని, బయటపడిన వ్యక్తికి చట్టంలో దొరికే పాటి రక్షణ కూడా, పోలీసులకు సహకరిద్దామని సద్భావంతో నమూనా ఇచ్చిన గార్డుకు స్పష్టంగా దొరకదు. ఇది ఎంతో అన్యాయమైన స్థితి అని నేను నమ్ముతున్నాను.

ఈ ఖాళీని పూరించే ప్రయత్నం ఒకటి జరిగింది. 2019 జూలైలో లోక్‌సభలో ప్రవేశపెట్టిన డీఎన్ఏ టెక్నాలజీ నియంత్రణ బిల్లులో, నేరస్థలంలో ఉన్నవారు, దర్యాప్తులో ప్రశ్నించబడుతున్నవారు లిఖితపూర్వక సమ్మతితో నమూనా ఇవ్వడం గురించి ఒక నిబంధన ఉంది. నిందితుడు కాని వ్యక్తి రాతపూర్వకంగా కోరితే అతని ప్రొఫైల్‌ను తొలగించాలనే నిబంధన కూడా ఉంది. ఆ బిల్లు మీద పార్లమెంటరీ స్థాయీ సంఘం 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది, అందులో గోప్యత గురించి అసమ్మతి పత్రాలు కూడా నమోదయ్యాయి. చివరికి ప్రభుత్వం 2023 జూలైలో బిల్లును ఉపసంహరించుకుంది. ఆ బిల్లులో లోపాలు చాలానే ఉన్నాయి, నేను దాన్ని సమర్థించడం లేదు. కానీ స్వచ్ఛందంగా ఇచ్చేవారి గురించి ఆలోచించిన నిబంధనలు దానితోపాటే పోయాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా నేరాల నివారణ, దర్యాప్తు కోసం జరిగే డేటా వినియోగాన్ని చాలా బాధ్యతల నుంచి మినహాయించింది కాబట్టి, దాని మీద ఆశ పెట్టుకోవడానికి పెద్దగా వీలు లేదు.

రాజ్యాంగం మాటకొస్తే, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కరలేదనే 20(3) అధికరణ ఇక్కడ ఉపయోగపడదు. 1961లో కాఠీ కాలూ ఓఘడ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం, వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కిందికి రాదని తేల్చింది. 2010లో మన కర్ణాటక నుంచే వెళ్లిన సెల్వి కేసులో నార్కో పరీక్షలను బలవంతంగా చేయకూడదని చెప్పిన సుప్రీంకోర్టు, డీఎన్ఏ నమూనాలను మాత్రం ఆ కోవలో చేర్చలేదు. మనకు అండగా నిలిచేది 2017 ఆగస్టు 24 నాటి పుట్టస్వామి తీర్పు. బెంగళూరులో నివసించిన విశ్రాంత న్యాయమూర్తి వేసిన ఆ కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించారు. ఆ హక్కులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి తగినంత మేరకే జోక్యం ఉండాలి. చట్టమే లేని చోట, చదవలేని కాగితం మీది సంతకం సమ్మతి అనిపించుకుంటుందా అనేది కోర్టులో గట్టిగా వాదించదగిన విషయం.

సంఘం చేయవలసింది చెబుతాను. ప్రశ్నించడానికి పిలవాలంటే సంహితలోని 179 సెక్షన్ కింద లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలని దర్యాప్తు అధికారికి వినయంగా ఉత్తరం రాయండి. అది దర్యాప్తును అడ్డుకోవడం కాదు. గార్డు గారితో పాటు కన్నడం, తెలుగు రెండూ చదవగలిగిన ఒకరిని పంపండి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే, హెచ్. సిద్ధయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనంలో ఉన్న కర్ణాటక రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికారం ఉచిత సహాయం అందిస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపుతారు.

జవాబు 2
రాసినవారు: ఎలక్ట్రానిక్ సిటీ ఉద్యోగి

నాది వేరే అభిప్రాయం. నేరం చేయనివారికి భయం దేనికి? అందరూ నమూనా ఇస్తే నిర్దోషులు ఒక్క రోజులో జాబితా నుంచి బయటపడతారు, పోలీసుల దృష్టి అసలు దోషి మీద నిలుస్తుంది. నాకూ ఆడపిల్ల ఉంది. నన్ను అడిగితే వెంటనే ఇస్తాను. హక్కుల పేరుతో ఆలస్యం చేస్తే, ఆ ఆలస్యం దోషికే ఉపయోగపడుతుందని నా ఆందోళన.

జవాబు 3
రాసినవారు: ప్రయోగశాల విశ్రాంత ఉద్యోగి

నేను ఒక రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలలో సెరాలజీ (రక్తం వంటి శరీర ద్రవాల పరీక్ష), డీఎన్ఏ విభాగాల్లో పనిచేసి పదవీ విరమణ చేశాను. పై సోదరుని ఆందోళనను నేను తేలికగా తీసుకోను, ఎందుకంటే డీఎన్ఏ పరీక్ష ఎందరు నిర్దోషులను కాపాడిందో నాకు తెలుసు. ప్రపంచంలో ఈ పద్ధతిని నేర దర్యాప్తులో మొదట వాడిన ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్ కేసులోనే, చేయని హత్యను ఒప్పుకున్న పదిహేడేళ్ల కుర్రవాడిని 1986లో డీఎన్ఏ నిర్దోషిగా తేల్చింది. కానీ ఆ కేసులో తర్వాత జరిగింది కూడా గుర్తుంచుకోవాలి. చుట్టుపక్కల గ్రామాల్లోని వేలాది మగవారి నుంచి 1987లో నమూనాలు తీసుకుంటే, అసలు హంతకుడు తన బదులు ఒక సహోద్యోగిని పంపి తప్పించుకున్నాడు. ఆ సహోద్యోగి ఆ మాట నలుగురిలో అనడం, విన్నవారొకరు పోలీసులకు చెప్పడం వల్ల అతను దొరికాడు. అందరి నుంచీ నమూనా తీసుకుంటే దోషి తప్పక తేలతాడన్న నమ్మకం ఆ మొదటి కేసులోనే నిలబడలేదు.

ఇక ఇచ్చే నమూనాలో ఏముంటుందో చాలామందికి తెలియదు. ప్రయోగశాల తయారు చేసే ప్రొఫైల్ వేరు, నమూనా వేరు. ప్రొఫైల్ అంటే డీఎన్ఏలో ఇరవై వరకు ఎంపిక చేసిన చోట్ల చిన్న చిన్న భాగాలు ఎన్నిసార్లు పునరావృతమయ్యాయో చెప్పే అంకెల జతలు. ఆ అంకెలను చూసి మీకు చక్కెర జబ్బు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. కానీ కార్డు మీద ఎండిన రక్తపు చుక్కలో, దూదిపుల్ల మీది కణాల్లో మీ జన్యు సమాచారం మొత్తం ఉంటుంది. ఈరోజు పోలికకు వాడిన ఆ కార్డును పదేళ్ల తర్వాత మరో పద్ధతితో, మరో ప్రయోజనం కోసం చదవవచ్చు. అందుకే "ప్రొఫైల్ డేటాబేస్‌లో పెట్టం" అనే హామీ ఒక్కటే సరిపోదు. పోలిక పూర్తయ్యాక నమూనా ఏమవుతుందని కూడా అడగాలి.

ఇంకో విషయం. లైంగిక నేరాల కేసుల్లో పురుషుని డీఎన్ఏ తక్కువగా, స్త్రీ డీఎన్ఏ ఎక్కువగా కలిసి ఉంటుంది కాబట్టి, వై క్రోమోజోమ్ మీది గుర్తులను ప్రత్యేకంగా పరీక్షిస్తారు. ఈ వై క్రోమోజోమ్ మన ఇంటిపేరు లాగా తండ్రి నుంచి కొడుకుకు దాదాపు మార్పు లేకుండా వస్తుంది. అంటే కదిరి గార్డు గారి వై ప్రొఫైల్ ఆయన ఒక్కడిదే కాదు. ఆయన తండ్రిది, అన్నదమ్ములది, పెదనాన్న, చిన్నాన్నల కొడుకులది కూడా. ఆయన సంతకం పెట్టే కాగితం గురించి ఊళ్లో ఉన్న దాయాదులెవరికీ తెలియకుండానే వారందరి గుర్తూ నమోదవుతుంది. అమెరికాలో 2018లో దశాబ్దాల నాటి హత్యల కేసులో నిందితుడిని పట్టుకున్నది దూరపు బంధువులు వంశవృక్షాల వెబ్‌సైట్‌లో పెట్టుకున్న జన్యు సమాచారం ఆధారంగానే. అక్కడ దొరికింది నిజమైన దోషి కాబట్టి మనం సంతోషిస్తాం. అయితే ఒక వ్యక్తి నమూనా ఎంతమందిని తాకుతుందో కూడా ఆ కేసు చూపించింది.

నేరం చేయనివారికి భయం దేనికని అడిగారు. డీఎన్ఏ సరిపోలడం అంటే ఆ వ్యక్తి కణాలు అక్కడ దొరికాయని మాత్రమే అర్థం. అవి ఎప్పుడు, ఎలా వచ్చాయో డీఎన్ఏ చెప్పదు. కాలిఫోర్నియాలోని శాన్ హోసే ప్రాంతంలో 2012లో హత్యకు గురైన వ్యక్తి గోళ్ల కింద ఒకతని డీఎన్ఏ దొరికింది. అతన్ని నెలల తరబడి జైల్లో ఉంచారు. తీరా చూస్తే హత్య జరిగిన రాత్రి అతను మత్తులో ఆసుపత్రిలో ఉన్నాడు. అతన్ని ఆసుపత్రికి చేర్చిన అంబులెన్స్ సిబ్బందే తర్వాత హత్యాస్థలానికీ వెళ్లారు, కణాలు వారి ద్వారా చేరాయి. జర్మనీలో అనేక నేరస్థలాల్లో ఒకే స్త్రీ డీఎన్ఏ దొరుకుతుంటే ఏళ్ల తరబడి ఆమె కోసం గాలించి, 2009లో అది దూదిపుల్లలు తయారైన చోట పనిచేసిన మహిళదని తెలుసుకున్నారు. సముదాయంలో ప్రతి గేటునూ, ప్రతి లిఫ్టు మీటనూ, ప్రతి చెత్తబుట్టనూ రోజూ తాకేవారు హౌస్‌కీపింగ్ వారూ గార్డులే. పొరపాటు సరిపోలిక జరిగే ప్రమాదం అందరికంటే వారికే ఎక్కువ, దాన్ని కోర్టులో ఎదుర్కొనే శక్తి వారికే తక్కువ.

మన దేశంలో నమూనాల భద్రత గురించి సుప్రీంకోర్టే ఆందోళన చెందింది. తమిళనాడు నుంచి వెళ్లిన ఒక జంట హత్యల కేసులో 2025 జూలై 15న మరణశిక్ష పడిన వ్యక్తిని విడుదల చేస్తూ, డీఎన్ఏ నమూనాల విషయంలో దేశమంతటికీ వర్తించే ఆదేశాలు ఇచ్చింది. నమూనాను సీలు వేసి వివరాలు నమోదు చేయాలి, 48 గంటల్లోపు ప్రయోగశాలకు చేర్చాలి, ట్రయల్ కోర్టు అనుమతి లేకుండా తెరవకూడదు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రిజిస్టరు నిర్వహించాలి. 2022లో ఢిల్లీ కేసు ఒకదానిలో నమూనాలు రోజుల తరబడి స్టేషన్ మాల్‌ఖానాలో (ఆధారాలు దాచే గదిలో) ఉండిపోయిన సంగతిని ఎత్తిచూపుతూ కూడా మరణశిక్ష పడినవారిని విడుదల చేసింది. ఆ కేసులో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల దుఃఖం ఊహించండి. నమూనాను సరిగా సేకరించకపోతే నష్టపోయేది బాధితుల కుటుంబం కూడా. కాబట్టి మీ గార్డు గారు అడిగిన కాపీ, దానితో పాటు రసీదు, సీలు ఆ మహిళ కేసుకే బలం.

జవాబు 4
రాసినవారు: సహాయ కేంద్రం కార్యకర్త

నేను బెంగళూరులో హింసకు గురైన మహిళలకు ఆసుపత్రిలో, కోర్టులో తోడుగా వెళ్లే పని చేస్తాను. పోలీసులు ఆధారాల కోసం ఇంత శ్రమ పడడం నాకు సంతోషాన్నే కలిగిస్తుంది. ఎన్నో కేసుల్లో ఆ శ్రమ కూడా జరగదు. 2025 ఆగస్టులో బెంగళూరు ప్రత్యేక న్యాయస్థానం ఒక మాజీ పార్లమెంటు సభ్యుడికి యావజ్జీవ శిక్ష విధించిన అత్యాచారం కేసులో, ఇంటి పనిమనిషి చీర మీది డీఎన్ఏ ముఖ్యమైన సాక్ష్యంగా నిలిచింది. బలవంతుడి మాటకు ఎదురుగా పేదరాలి మాట నిలబడటానికి ప్రయోగశాల నివేదిక ఎంత అండగా ఉంటుందో ఆరోజు చూశాం. కాబట్టి డీఎన్ఏ అంటేనే వ్యతిరేకించే చర్చ ఇక్కడ జరగకూడదని కోరుకుంటున్నాను.

అయితే కార్యదర్శి గారిని ఒక మాట అడగాలి. మీ సముదాయంలో ఫ్లాట్లలో ఉండే మగవారిని నమూనా అడిగారా? రాకపోకలు, లిఫ్టులు, పార్కింగ్ అందరివీ. నేరం చేసినవాడు షెడ్డులోనే ఉండాలని ఏముంది? పనివారిని మాత్రమే అనుమానితులుగా చూసే దర్యాప్తు, ఫ్లాటులో ఉన్న దోషిని వదిలేసే ప్రమాదం కూడా ఉంది. నేను చూసిన స్త్రీలలో చాలామందికి హాని చేసినవారు వారికి బాగా తెలిసినవారే.

రెండవది, బాధితుల నమూనాలకు కూడా ఇదే ప్రశ్న వర్తిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అత్యాచార బాధితురాలు తన కేసు కోసం ఇచ్చిన డీఎన్ఏను పోలీసులు దాచుకుని, ఏళ్ల తర్వాత ఒక దొంగతనం కేసులో ఆమెనే నిందితురాలిని చేశారని 2022లో అక్కడి ప్రాసిక్యూటరే బయటపెట్టారు. ఆసుపత్రిలో పరీక్షకు ఒప్పుకోవాలా వద్దా అని వణుకుతున్న అమ్మాయికి, "ఇది నీ కేసుకు తప్ప మరి దేనికీ వాడరు" అని నేను ధైర్యం చెప్పాలి. ఆ మాట చట్టంలో స్పష్టంగా రాసి ఉండాలని నేను ఎంతగా కోరుకుంటానో చెప్పలేను. గార్డు కోసం మీరు అడుగుతున్న హామీ, ఆమె కోసం నేను అడుగుతున్న హామీ రెండూ ఒకటే.

జవాబు 5
రాసినవారు: బెళ్లందూరు నివాసి (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. మేడం గారు అడిగినదానికి జవాబు: లేదు, ఫ్లాట్లలో ఉండే ఒక్కరిని కూడా అడగలేదు. ఈ విషయం నిన్నటి సంఘ సమావేశంలో చెప్పినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక పెద్దాయన, పనివారిని అడిగితే మనల్నీ అడగాలని, మనం ఏ షరతులతో ఇస్తామో వారూ అవే షరతులతో ఇవ్వాలని అన్నారు. కొందరు ఒప్పుకోలేదు, తమ పేర్లు పోలీసు కాగితాల మీదికి ఎక్కడం ఇష్టం లేదన్నారు. వారికి ఉన్న ఆ సంకోచం గార్డుకు ఉండకూడదా అని అడిగాను. తీర్మానం మెజారిటీతో ఆమోదం పొందింది.

ఉత్తరం ముసాయిదాలో ఇలా రాశాం. దర్యాప్తుకు సంఘం పూర్తిగా సహకరిస్తుంది. నమూనా ఈ క్రైమ్ నంబరులోని పోలికకు మాత్రమే వాడాలి. పోలిక కుదరకపోతే నమూనానూ ప్రొఫైల్‌నూ నాశనం చేసి ఆ సంగతి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. జాతీయ, రాష్ట్ర డేటాబేస్‌లలో దేనిలోనూ చేర్చకూడదు. సమ్మతి పత్రం తెలుగు, కన్నడం, హిందీ, ఒడియా, బెంగాలీ భాషల్లో ఉండాలి, సంతకం చేసినవారికి కాపీ ఇవ్వాలి. ఇప్పటికే సంతకం చేసినవారికి కూడా ఇవే షరతులు వర్తింపజేయాలి. చివరలో, "ఈ షరతులు అంగీకరించకపోతే మా సిబ్బంది ఎవరూ నమూనా ఇవ్వరు" అని రాశాం. ఇది సరిపోతుందా?

జవాబు 6
రాసినవారు: నృపతుంగ రోడ్డు న్యాయవాది

ముసాయిదా బాగుంది గానీ చివరి వాక్యం తీసేయండి. మీ సిబ్బంది ఇవ్వాలా వద్దా అని నిర్ణయించే అధికారం పోలీసులకు లేనట్టే సంఘానికీ లేదు. యజమాని మాట మీద నిరాకరించడం కూడా స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయం కాదు. అదీ కాక, ఆ వాక్యం ఒక్కటే ఉత్తరం మొత్తాన్ని ఆటంకంగా చూపించడానికి పనికివస్తుంది. దాని బదులు, "సమ్మతి ఇవ్వని వ్యక్తి విషయంలో నమూనా అవసరమని దర్యాప్తు అధికారి భావిస్తే, 2022 చట్టంలోని ఐదవ సెక్షన్ కింద మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవలసిందిగా కోరుతున్నాం" అని రాయండి. మేజిస్ట్రేట్ ముందుకు వెళ్తే ఫలానా వ్యక్తి నుంచే ఎందుకు కావాలో కారణం చెప్పవలసి వస్తుంది. వాడకం, నాశనం విషయంలో షరతులు పెట్టమని అక్కడ మనమూ కోరవచ్చు.

నిరాకరించినందుకు గానీ, పిలుపుల కారణంగా డ్యూటీకి రాలేకపోయినందుకు గానీ ఎవరినీ ఉద్యోగం నుంచి తీసివేయబోమని, జీతం కోయబోమని సంఘం తీర్మానంలో చేర్చి, సెక్యూరిటీ ఏజెన్సీకి కూడా రాసి పంపండి. కదిరి గార్డు గారి అసలు భయం అదే కదా.

ఇప్పటికే నమూనా ఇచ్చినవారి తరఫున విడిగా ఒక్కొక్కరి సంతకంతో దర్యాప్తు అధికారికి దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 2022 నాటి నిబంధనల ప్రకారం రికార్డుల నాశనానికి సంబంధించిన అభ్యర్థనలు రాష్ట్ర ప్రభుత్వం నియమించిన నోడల్ అధికారికి వెళ్లాలి కాబట్టి, ఆయనకూ ఒక ప్రతి పంపండి. జవాబు రాకపోతే హైకోర్టులో రిట్ వేయడానికి ఆ ముద్ర ఉన్న కాగితమే ఆధారం అవుతుంది. ముసాయిదా సవరించాక ఇక్కడ పెట్టండి, కన్నడం ప్రతిని నేను సరిచూసి ఇస్తాను.